పుట్టనివారికి అన్నం పెట్టిన మేయరు

1982 జూలై ఐదున మన నగర మండలి రహదారుల విభాగంలో ఇంజినీరుగా చేరిన జనాబ్ సయీద్ గారు, తొమ్మిదేళ్ళ అనంతరం ఆ ఉద్యోగాన్ని వదులుకొని, ప్రజాప్రతినిధిగా ఎన్నికై, రెండు పర్యాయాలు మేయరు పీఠాన్ని అలంకరించి, ఈ మార్చి నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. కర్నూలు నుంచి ఈ దేశానికి వచ్చిన మనిషి, కోపం ముక్కుమీదే. సభలో ఎదుటివారిని మాట పూర్తిచేయనివ్వరన్న ఫిర్యాదు నిజమే, దాచడమెందుకు? అయితే నీళ్ళు నిలిచే వీధులన్నిటికీ కాలువలు వేయించిందీ ఆ కోపమే.

1999 ఆగస్టులో, కంప్యూటర్లలోని రెండంకెల సంవత్సరాలను సరిదిద్దే పనికి శేషుకుమారి గారు వెర్రిబీ శివారు నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. ఆరునెలల ఒప్పందం, అది పోతే వీసా కూడా పోతుంది. ముప్ఫై లోపు అంకెలన్నీ రెండువేల తరువాతి సంవత్సరాలేనని ఆమె యంత్రానికి నేర్పారు. దాంతో జాబితాలో '12' అని మాత్రమే నమోదైన, 1912లో పుట్టిన అవ్వ 2012లో పుట్టబోయే పాపాయి అయింది. వృద్ధుల ఇళ్ళకు మధ్యాహ్న భోజనం పంపే జాబితాలోంచి, ఇంకా పుట్టనివారంటూ నూట పదకొండు పేర్లు ఎగిరిపోయాయి. సోమవారం మధ్యాహ్నం భోజనం రాలేదంటూ ఫోన్లు మోగిపోయాయి.

మేయరు పిలిపించగానే శేషుకుమారి గారు ఆయన గదికి వెళ్ళారు.

"సారీ సార్. మా ఇంట్లో అంత ఏజ్ వాళ్ళెవరూ లేరండీ. థర్టీ సేఫ్ అనుకున్నాను."

"మా అమ్మీకి ఎనభై తొమ్మిదమ్మా! కర్నూల్లో కూచోని ఇప్పటికీ ఫోన్‌లో నన్ను తిడుతుంది. ఆమెను గూడా పుట్టనియ్యలేదా నువ్వు?"

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. సయీద్ గారు కారు తాళాలు తీశారు. "ఏడుపు తర్వాత. ముందు లంచ్ డెలివర్ చేద్దాం, పా."

మిగతా వీధులకు సిబ్బందిని పంపి, మూడు వీధులకు ఇద్దరూ స్వయంగా భోజనాలు అందించారు. ప్రతి గుమ్మంలోనూ ఆమె క్షమాపణ చెప్పుకున్నారు. సాయంత్రం సభలో తప్పు చేసినవారి పేరు చెప్పమని సభ్యులు పట్టుబట్టారు. "ఆ మార్పుకు అనుమతి ఇచ్చిన సంతకం నాది. తప్పూ నాదే," అన్నారు మేయరు. ఎంత గుచ్చి అడిగినా మరో పేరు ఆయన నోట రాలేదు. వచ్చే ఎన్నికల్లో దీనికి కొన్ని ఓట్లు పోతాయని మిత్రులు హెచ్చరించారు, పోయాయి కూడా. శేషుకుమారి గారి ఒప్పందం మాత్రం పొడిగింపబడింది. నేడు ఆ భోజన విభాగానికి ఆమే అధికారిణి.

సతీమణి హమీదా గారి తోడుతో సయీద్ గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు దాటి వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం. ఏనాటికైనా ఆయనకు ఇంటికి భోజనం పంపవలసి వస్తే, పన్నెండు కొట్టకముందే తానే స్వయంగా పట్టుకెళ్తానని శేషుకుమారి గారు ఈ సంచికలో రాయమన్నారు.