వట్టిపోని ఎర్రావు

"ఏంది రసూలూ, అప్పుడే నవ్వుతున్నావు? సిమెంటు లారీ తోలేవోడివి, నీకేం తెలుసురా పాడి గురించి? ఇటు టీకొట్టు బల్ల మీద కూర్చో. గుల్జారమ్మా, టీ మరగనియ్యి, చెవి మాత్రం ఇటు పెట్టు. మా ఎర్రావు సంగతి చెప్తున్నా. పోయినేడు మా ఇంటిది సుబ్బరత్నమ్మ పోయినాక ఆ ఆవు చేపితేనా! పొదుగు నిండా పాలుండి కూడా చుక్క వదల్లా. రత్నమ్మ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడదు దానికి. నాలుగు రోజులు చూశా. అయిదో రోజు తెల్లారకముందే రత్నమ్మ విడిచిన చీర, ఉతకనిది, దండెం మీద నించి తీసి చుట్టుకుని, తల మీద కొంగేసుకుని పొదుగు దగ్గర కూర్చున్నా. ఆమె అన్నట్టే సన్నగా 'రావే నా తల్లీ' అన్నా. అంతే, ధారలు!"

"మీసాలతోనేనా బాబాయ్?"

"మీసాలు కొంగు చాటున దాచాలేరా. పూటకి ఆరు లీటర్లు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవు చూడి కట్టింది. ఏడో నెల నిండేసరికి మన పశువుల డాక్టరమ్మ అమూల్య వచ్చి, పొదుగు పట్టి చూసి, 'పెద్దయ్యా, ఇంక పాలు తియ్యబాక, రెండు నెలలు వదిలెయ్' అంది. ఎందుకమ్మా అంటే చానా పెద్ద కత చెప్పింది. మనం చెయ్యి ఆపితే పొదుగు లోపల కణాలు, అరిగిపోయిన తమ సామానుని తామే తినేస్తాయంట. తిని, ఆ సత్తువతోనే బతికి, పుట్టబోయే దూడ కోసం కొత్తగా తయారవుతాయంట. ఈ హుకుం ఇచ్చేది రక్తంలో తిరిగే హార్మోన్లంట. ప్రొలాక్టిన్ అని ఒకతి ఉందంట. మనం పితుకుతున్నంత కాలం 'పాలు చెయ్యండి, పాలు చెయ్యండి' అని లోపల అందర్నీ తరుముతానే ఉంటదంట. చెయ్యి ఆపితే అది తగ్గుద్ది, అప్పుడు మరమ్మతు మొదలవుద్ది."

"నువ్వు ఆపావా?"

"నేనా? 'ఆ హార్మోనుతో నేను మాట్లాడుకుంటాలే అమ్మా' అన్నా. మర్నాడు చీర కట్టుకుని, పొదుగు దగ్గర నోరు పెట్టి అరిచా. 'ఎవరమ్మా లోపల పెద్దమ్మ? పనోళ్ళకి సెలవిచ్చావంటే మర్యాద దక్కదు' అన్నా. 'అట్టాగే బసవయ్యగారూ' అని లోపల్నించి వినపడింది."

"హార్మోను తెలుగు మాట్లాడిందా?"

"మన నీళ్ళు తాగిన ఆవులో ఉండేది మన మాట కాక ఇంకేం మాట్లాడుద్దిరా! ఇంక చూడు. ఆ పూట పన్నెండు లీటర్లు. మర్నాడు నలభై. మూడోనాడు బకెట్లు చాలక నీళ్ళ ట్యాంకరు పిలిపించా, అదీ పొర్లింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొర్లిన పాలు రోడ్డెక్కి, నడికుడి స్టేషన్లో దూరి, గుంటూరు బండిని పట్టాల మీదే నిలబెట్టినై. స్టేషన్ మాస్టరు ఎర్రజెండా పట్టుకుని పరిగెత్తుకొచ్చి, 'అయ్యా, కాస్త దూడని వదలండి, తాగుద్ది' అన్నాడు. దూడ ఇంకా పుట్టలేదయ్యా అన్నా. అక్కడితో ఆగిందా? ఎత్తిపోతల జలపాతంలో నీళ్ళకి బదులు పాలు దూకుతుంటే టూరిస్టులు ఫోన్లు పక్కన పడేసి గ్లాసులు పట్టారు. కృష్ణ అవతల తెలంగాణ వాళ్ళు మా వాటా మాకియ్యండని పంచాయితీకొచ్చారు. ఇంత గోలలోనూ ఎర్రావు మెడ తిప్పి నన్ను చూసి ఏమందో తెలుసా? 'రత్నమ్మా, ఇంకా కావాలా?' అంది."

రసూల్ పకపకా నవ్వాడు. బసవయ్య నవ్వలేదు.

"నన్నేరా అంది. రత్నమ్మా అని."

గుల్జార్ బేగం స్టవ్వు తగ్గించింది.

"బసవయ్యన్నా, ఇవాళ నాకు పోసిన పాలు ఎక్కడివి?"

"ఎర్రావువి."

"నెల నించి నువ్వు తెచ్చేది ప్యాకెట్ పాలన్నా. పదేళ్ళు వదిన పోసిన పాలు కాచినదాన్ని, మీగడ చూస్తే తెలీదా నాకు? మన రెండిళ్ళకీ మధ్య ఉంది ఒక్క గోడే. ఎర్రావు ఎప్పుడో వట్టిపోయింది. అయినా నువ్వు రోజూ చీర కట్టుకుని ఆ వట్టి పొదుగు లాగుతానే ఉన్నావు. నిన్న అది నిన్ను తన్నింది. పుట్టినకాడ్నించి ఎవర్నీ తన్నని తల్లి అది. డాక్టరమ్మ నా ముందరే కదన్నా చెప్పింది, చెయ్యి తగిలినన్నాళ్ళూ దానికి విశ్రాంతి ఉండదని, రేపు ఈనితే దూడకి జున్నుపాలు కూడా దక్కవని."

బసవయ్య తల దించుకున్నాడు.

"తెలుసమ్మా. అంతా తెలుసు. చెయ్యి ఆపితే పొద్దున్నే ఎందుకు లేవాలి నేను? 'రావే నా తల్లీ' అని ఎవరితో అనాలి? అనకపోతే ఆమె గొంతు ఎట్టా ఉండేదో మర్చిపోతానేమోనని భయం. అంతే."

"నెల రోజులేగా. ఆ చీర ఉతికి మడిచి పెట్టుకో. దూడ పుట్టినాక మళ్ళీ కట్టుకుందువు."

"ఉతకొద్దమ్మా. ఉతికితే ఎర్రావు నన్ను దగ్గరికి రానివ్వదు."

"ఇంకా వదిన వాసనుందా దాంట్లో?"

ఈసారి బసవయ్య కోతలు కొయ్యలేదు.

"లేదమ్మా. ఆ వాసన పోయి ఆర్నెల్లయింది. ఇప్పుడంతా నా చెమట వాసనే."

"మరి వట్టిపోయేదాకా ఎవరికి చేపిందన్నా అది?"

బసవయ్య తలెత్తి ఆమె వంక చూశాడు. మీసాల మీదికి కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. రసూల్ భుజం మీది తువాలు తీసి అతని చేతిలో పెట్టాడు.

బసవయ్య లేచి, తను తెచ్చిన ఖాళీ పాల క్యాను గుల్జార్ బేగం బల్ల కిందికి నెట్టాడు.

"ఇది ఇక్కడే ఉంచమ్మా. దూడ పుట్టి, దాని కడుపు నిండినాక వచ్చి తీసుకుపోతా."