లంగరుకు చిక్కిన తీరం

యనీదాకు యాభై ఒకటి. పొద్దున్నే సముద్రం వెనక్కి తగ్గే ఆటు చూడకుండా పొయ్యి వెలిగించదు. భూకంపానికి సుమత్రా పక్కనున్న నియాస్ దీవి పడమటి తీరం మనిషెత్తు పైకి లేచి, పగడపు దిబ్బ ఎండి తెల్లబడి, సముద్రం అల్లంత దూరం జరిగిపోయాక కూడా ఆ అలవాటు మానలేదు.

ఆ లేచిన నేల ఎవరిదో మర్నాడు ఊరిపెద్ద సోఖీ తేల్చాలి. ఆయన కాఫీ కొట్లో ఉన్నాడని తెలిసి, చేపలు పట్టే ఫాంగారో వచ్చి పక్కనే చతికిలబడ్డాడు. యనీదా కొట్టు గుమ్మం దగ్గర నిలబడి వింది.

"నేను చేసింది పెద్దగా ఏం లేదు పెద్దయ్యా. ఆ రోజు వేటకెళ్లి మన దిబ్బ మీద లంగరేశాను. అది ఏ కలుగులోనో ఇరుక్కుంది. లాగితే దిబ్బ కదిలింది."

"దిబ్బే కదిలిందా?" కొట్టతను కాఫీ వడపోస్తూ అడిగాడు.

"మా తాత లంగరు, వదులుతానా? పడవ అంచుకి కాలు తన్నిపెట్టి మళ్లీ లాగితే పగడాలు నీళ్లోడుతూ పైకొచ్చాయి, వాటి వెంట ఒడ్డు, ఒడ్డు వెంట కొబ్బరిచెట్లు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇటు లేచేసరికి తక్కెడలాగా దీవి అటుపక్క కుంగింది. తూర్పున మా బావమరిది వాకిట్లోకి నీళ్లొచ్చాయి, ఇప్పటికీ నాతో మాట్లాడడు. ఇంకో గుంజు గుంజితే సుమత్రా కూడా వచ్చేదే, చేతులు బొబ్బలెక్కి వదిలేశాను. ఎత్తినవాడిదే కదా నేల, మీరే చెప్పండి."

అందరూ నవ్వారు. సోఖీ కూడా నవ్వాడు. యనీదాకు భయమేసింది ఆ నవ్వుకే. మగవాళ్ల నవ్వుల మధ్యే నేలలు చేతులు మారతాయి.

"ఫాంగారో, నీ లంగరు ఎవరి కలుగులో ఇరుక్కుంది?" యనీదా గుమ్మం నుంచే అడిగింది.

"కలుగు ఎవరిదేంటి, ఫీదా వాళ్లమ్మా?"

"అందులో ముందు ఆక్టోపస్ పట్టినామెది. మా అమ్మది బల్లలా పరుచుకున్న పగడం పక్కన, నాది దానికి మూడడుగుల్లో. భూమి కదిలింది ఆటు వేళ. మోకాలి లోతు నీళ్లలో నీ పడవ ఎలా తేలింది? అక్కడున్నది మేం పదకొండు మందిమి. కాళ్ల కింద దిబ్బ లేస్తుంటే బుట్టలు వదిలేసి పరిగెత్తాం. అక్కడ నత్తలూ ఆక్టోపస్‌లూ ఏరుకోవడం ఆడాళ్ల పని, అడుగు పెడితే నామోషీ అనేవాడివి. ఆ రోజు మా మధ్యకెప్పుడొచ్చావు?"

ఫాంగారో కాఫీ డబ్బులు పెట్టి లేచాడు.

"ఎండిపోయింది కదమ్మా, ఎవరి కలుగెక్కడో ఇప్పుడు చూపించగలరా?" సోఖీ అడిగాడు.

"పదండి."

పదకొండు మందీ నడిచి చూపించారు. చచ్చిన పగడాల కంపుకి సోఖీ ముక్కు మూసుకున్నాడు గాని, చివరిదాకా నడిచాడు. మర్నాడు ఆయన తీర్పుతో నేల పదకొండు వాటాలైంది.

ఆ ఏడే యనీదా తన వాటా కూతురు ఫీదా పేర రాయించింది. ఇద్దరు కొడుకులనూ అడగలేదు.