సత్యదుర్గారావు నరికిన నక్షత్ర చేపలు

ఓడలరేవు రాళ్ళగట్టు మీద ఆల్చిప్పలు ఏరుకునే ఆడవాళ్ళం అందరం మా అరుగు మీద కూర్చున్నాం. ఏడాదిగా చిప్పలు తరిగిపోతున్నాయి, గట్టుకి కాపలా పెట్టాలి. ఆ పని నాకే ఇవ్వండంటూ సత్యదుర్గారావు వచ్చేడు. టీ గ్లాసు అందుకుని మొదలెట్టేడు.

"చిప్పల్ని తినేది నక్షత్ర చేపలండి. వాటి సంగతి నాకు తెలిసినట్టు అంతర్వేది దాకా ఎవడికీ తెలీదు. పోయినేడు ఇదే గట్టు మీద ఒకటి చిప్పని కావలించుకుని కూర్చుందండి, ఐదు చేతుల కిందా ఆవగింజలంత కాళ్ళు, వందలు, వాటితో పట్టి లాగుతోంది, లాగగా లాగగా చిప్ప వెంట్రుకవాసి తెరుచుకుంది. ఆ తర్వాత ఏం చేసిందో తెలుసాండీ? తన కడుపు బయటికి తీసి ఆ సందులోకి తోసింది! కడుపే భోజనానికెళ్ళింది!"

"మళ్ళీ లోపలికి వచ్చిందా నాయనా?" అన్నాను.

"ఆయ్, పిన్నిగారూ, మడతపెట్టి దాచుకుంది. నాకు ఒళ్ళు మండి కత్తితో నడిమికి నరికేను. రక్తం లేదండి, ఒట్టి ఉప్పునీళ్ళు. ఇంకోటొచ్చింది, నరికేను. పొద్దెక్కేసరికి నాలుగొందలు! అప్పుడొచ్చిందండి వాటి పెద్దది, ఒక్కో చెయ్యీ చించినాడ వంతెనంత. కడుపు తీసి నా పడవ మీద పరిచేసింది. నేను ఆ కడుపులోనే నిలబడి బీడీ ముట్టించేను."

"లోపల ఇంకేవున్నాయి?" అంది నా పక్కనున్న ఝాన్సీ.

"రెండు ఓడలండి. ఒకదాంట్లో రేడియో మోగుతూనే ఉంది. పాట అయ్యేదాకా ఆగి, ఒక్క వేటు!"

మా అందరికీ పెద్దది నూకాలమ్మ. తన బుట్ట దగ్గరికి లాక్కుని అడిగింది.

"ముక్కలేం చేశావు అబ్బాయ్?"

"మళ్ళీ నీళ్ళలోకే విసిరేసేనత్తా, ఒక్కటి మిగల్చకుండా."

ఆవిడ బుట్టలోంచి పొద్దున్న దొరికిన నక్షత్ర చేపని తీసింది. రెండు చేతులు పెద్దవి, మూడు చిటికెనవేలంత, అప్పుడే మొలుస్తున్నాయి.

"నడిమికి నరికితే ఈ సగం మిగతాది మొలిపించుకుంటుంది. ఆ సగమూ అంతే. పూర్వం ఒకటీ అరా ఉండి, ఇరుకైన చోట చిప్పల్ని పలచన చేసేవి, మిగిలినవి బాగా ఎదిగేవి. ఇప్పుడు మాకు మిగలనివ్వట్లేదు."

సత్యదుర్గారావు గ్లాసు కింద పెట్టేడు. "నాలుగొందలంటే... నాలుగేనత్తా."

"పెద్దదో?"

"లేదండి."

"పడవ?"

"అదీ లేదండి."

నూకాలమ్మ ఖాళీ బుట్ట అతని ముందుకి తోసింది. "మేం నాలుగొందలనే విన్నాం. ఎనిమిదొందలూ ఏరుకురా, కాపలా సంగతి అప్పుడు చూద్దాం."