గిట్టెల్ పేరిట స్కాలర్‌షిప్

మెల్బోర్న్‌లో, కాల్‌ఫీల్డ్‌లో, ఫైవిష్ బ్లూమెన్‌క్రాంట్స్ గారి భోజనాల గది. యూదుల చరిత్ర చదువుతున్న టెస్ హార్టిగన్ కుర్చీ అంచున కూర్చుంది. స్కాలర్‌షిప్ ఇచ్చేదీ ఇవ్వనిదీ ఎదురుగా ఉన్న ఆ ముసలాయనే.

"తిను, తిను. చేప ఉండలు చల్లారితేనే రుచి. పంచదార సరిపోయిందా?"

"సరిపోయిందండీ. మా అమ్మయితే ఇంకో చెంచా వేస్తుంది."

"ఓహో! చేపలో పంచదార మా యూదుల ఇళ్లలోనే అనుకున్నాను, హార్టిగన్‌ల ఇంట్లోనూ వేస్తారా?"

"అంటే... పక్కింటావిడ దగ్గర నేర్చుకుందండీ."

"పక్కింటావిడ దగ్గర! బాగుంది. మీ నాన్న?"

"ట్రామ్ నడిపేవారు. పోయి మూడేళ్లయింది."

"ఆదివారం చర్చికెళ్లే మనిషేనా?"

"అప్పుడప్పుడు. ఆయన చర్చి సంగతి నా చదువుకెందుకండీ?"

"చదువుకక్కర్లేదు, నాకు కావాలి. దేనిమీద రాస్తున్నావు?"

"మన... ఇక్కడి యూదుల్లో పోయినవాళ్లకి స్నానం చేయించి సాగనంపే సంఘాల మీద. వాళ్ల పాత పుస్తకాలు సగం చదివాను. మీరివ్వకపోతే ఈ ఏడు మానేసి చెప్పుల కొట్లో చేరిపోవాలి."

"'మన' అన్నావు."

"నోరు జారిందండీ."

"జారలేదులే. మా గిట్టెల్ గురించి ఏం తెలుసు?"

"మీ అమ్మాయి. పందొమ్మిదేళ్లకే పోయారు. స్కాలర్‌షిప్ తీసుకున్నవాళ్లు ఏటా ఆవిడ పేర దీపం పెట్టాలి."

"ఎలా పోయింది?"

"దరఖాస్తులో లేదండీ."

"మీ అమ్మ చెప్పలేదూ?"

"మా అమ్మకేం సంబంధం?"

"పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది నీ వ్యవహారం. నీ గడ్డం అచ్చం మా ఆవిడ గడ్డమే. గుమ్మంలో అడుగు పెట్టగానే పోల్చాను."

"మరి... తెలిసీ ఇంతసేపు ఎందుకు కూర్చోబెట్టారు?"

"ఎంత బాగా అబద్ధమాడతావో చూద్దామని."

"తాతయ్యా, నేను..."

"ఆ పిలుపు ఇక్కడొద్దు! నాకు కూతురే లేదు, మనవరాలెక్కణ్ణించొచ్చింది? అది మా మతం కాని ఆ ట్రామువాణ్ణి చేసుకున్న రోజే అద్దాలకు గుడ్డలు కప్పి, చొక్కా చింపుకుని, ఏడు రోజులు కింద కూర్చున్నాం. పోయినవాళ్లకి చేసేదంతా చేశాం."

"తెలుసు. ఆ ఏడు రోజులూ అమ్మ ఎదురు పేవ్‌మెంటు మీద నిలబడింది. వానలో."

"చూశాను."

"చూశారా! చూసి..."

"కర్టెన్ వేశాను."

"మీరు మనిషేనా?"

"ఆ సంగతి తర్వాత. వచ్చినవాళ్లందరిలో నీ మార్కులే మేలు. ఇదిగో దరఖాస్తు. తల్లి పేరు దగ్గర, పెళ్లయ్యాక పెట్టుకున్న ఆ 'గ్వెన్' కొట్టేసి, గిట్టెల్ అని రాయి. ముందు 'దివంగత' అని చేర్చి సంతకం పెట్టు. డాక్టరేటు దాకా నీ చదువు నాది."

"అమ్మ బతికే ఉంది! బయట కార్లో కూర్చుని ఉంది!"

"అయితే వెళ్లి కారెక్కు. చెప్పుల కొట్టు తెరిచే ఉంటుంది."

"ఇంకేదైనా అడగండి. ఏటా దీపం పెడతాను, సమాధులు కడుగుతాను..."

"ఒక్క మాట అడిగాను. ఎదురుగా ఇంకో నలుగురి దరఖాస్తులున్నాయి, అమ్మాయ్."

"కాగితమే కదా... కాగితమ్మీద రాసినంత మాత్రాన మనిషి... మనిషికేమీ కాదు కదా?"

"కాదు. రాయి."

"దివంగత... గిట్టెల్..."

"అక్షరాలు సరిగ్గా కనబడేట్టు. ఆఁ. సంతకం."

"పెట్టాను. ఒక్కటే బతిమాలుకుంటాను. ఇది అమ్మకి తెలియనివ్వకండి. నేనూ ఈ జన్మలో చెప్పను."

"నేనెందుకు చెబుతాను? పోయిన వారం మీ అమ్మే వచ్చి నీ కుర్చీలో కూర్చుంది, పిల్ల చదువు ఆపొద్దని. ఈ షరతు ముందు దానికే చెప్పాను. నవ్వి, 'నా కూతురు ఆ మాట రాయదు నాన్నా' అంది. ఇంక వెళ్లు. స్కాలర్‌షిప్ వచ్చిందని చెప్పు."