ముందు వరసలో చేపలావిడ

చేపల వేట నిషేధం రోజులు కావడంతో ఉప్పాడ ఒడ్డున పడవలన్నీ ఖాళీగా ఉన్నాయి. పడవ నీడలో ఫోన్ చూసుకుని నవ్వుకుంటున్న మొగుడి పక్కన ఆమె ఎండుచేపల గంప దించింది.

"ఏంటి మావా, ఆ నవ్వు?"

"ఫోన్‌లో యుద్ధం ఆట. నా సైన్యం చూడు. వంటోడు గరిటెతో కొడతాడు. మేక మంత్రాలు చదువుతుంది. ఈ చేపలావిడ తిట్టిందంటే శత్రువులు కత్తులు పారేసి చెవులు మూసుకుంటారు."

"మరి ఏడుసార్లు ఓడిపోయావని చూపిస్తోందేంటి?"

"ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో తెలియాలి. అదే ఇందులో సరదా."

"చేపలావిడని అందరికంటే వెనక దాచావెందుకు?"

అతను తల గోక్కున్నాడు. "దానికి నీ పేరు పెట్టాను. ముందుంటే దెబ్బలు తగుల్తాయని..."

ఆమె అతని పక్కనే చతికిలబడింది.

"రేవులో చేపల వేలంపాట పెట్టినప్పుడు నేనెక్కడుంటాను?"

"అందరికంటే ముందు."

"ఎప్పుడన్నా ఓడిపోయొచ్చానా?"

"లేదు."

"అయితే నన్ను ముందుకి జరుపు."

జరిపాడు. చేపలావిడ నోరు తెరిచింది. శత్రువులు చెవులు మూసుకుని పరుగు తీశారు. ఎనిమిదోసారికి అతను గెలిచాడు.

"దీని తర్వాత ఇంకో యుద్ధం ఉందా?"

"ముప్పై ఉన్నాయి."

"ఫోన్ ఇలా ఇచ్చి, ఆ గంప నువ్వెత్తుకో. మధ్యాహ్నంలోగా అమ్ముకునిరా."