ఒక్క పిలుపు బావి

రిజర్వాయరు గట్టు కింద, తాటితోపులో, గిలక ఊడిపోయిన బావి ఉందే, దాని సంగతే చెబుతున్నాను, ముందుకి జరగండి, ఈ గాలికి నా మాట మీకు అందదు. పట్టపగలు కూడా ఆ బావి పక్కన ఎవరూ మేకని కట్టరు, ఎందుకో తెలుసా? తెలీదు. తెలీకుండానే భయపడుతున్నారు, అదీ మన ఊరి తెలివి.

పెద్దవాళ్లు చెప్పేవారు, తుపాను పట్టిన సాయంత్రం ఆ బావిలోంచి దెయ్యం లేచి వీధిలోకొస్తుందనీ, మనవాళ్ల గొంతుతోనే పేరుపెట్టి పిలుస్తుందనీ, అయితే ఒక్కసారే పిలవగలదనీ, మనిషైతే మళ్లీ పిలుస్తాడు గనక రెండో పిలుపు వినేదాకా గడియ తియ్యకూడదనీ. మా అమ్మ నాకు అన్నం పెడుతూ చెప్పింది, నేను మీ నాన్నలకి చెప్పాను.

ఇక గట్టంటారా, అది మా తాత నాటిది. నీళ్లొదిలే తలుపులు తుప్పుపట్టి, ఒకటి సగం లేచి బిగుసుకుపోతే దానికి గొలుసు కట్టి ఊరుకున్నారు. ఇంజనీర్లు వచ్చినప్పుడల్లా గట్టు మీది పగులు చివర ఎర్రరంగు గీత గీసి, టీ తాగి వెళ్లేవారు, మరుసటేడు పగులు ఆ గీత దాటేది, వాళ్లు ఇంకో గీత గీసేవారు. మరి మనమేం తక్కువా? నిండిన నీళ్లు పొర్లిపోయే అలుగు ఉందా, దానిమీద ఇసక బస్తాలు పేర్చాం, రెండో పంటకి ఇంకాస్త నీరు నిలబడుతుందని. ఆ బస్తాలు మోసినవాళ్లలో గవరయ్య ఒకడు. మంచివాడే గాని మహా మొండి. అన్నం పెట్టమని పెళ్లాం సన్యాసమ్మని ఒక్కసారి పిలిచేవాడు, పలక్కపోతే ఖాళీ కడుపుతో పొలానికి పోయేవాడు, ఆవిడ క్యారేజీ పట్టుకుని తిట్టుకుంటూ వెనకాల పరిగెత్తేది.

అలా ఉండగా ఓ ఏడు పెద్ద తుపాను వచ్చింది. రేవులో పెద్ద నంబరు ప్రమాద సూచిక ఎగరేశారన్నారు, కొండల మీది నీళ్లన్నీ రిజర్వాయర్లోకి దిగి గట్టు అంచు తాకాయి, అప్పుడు గుర్తొచ్చాయి మనకి బస్తాలు. మనం పెట్టినవే, మనమే తియ్యాలి అంటూ గవరయ్య కొందరిని వెంటేసుకుని వెళ్లాడు. ఇంట్లో సన్యాసమ్మా, చంటిపిల్లా, అత్త అసిరమ్మా మిగిలారు. సన్యాసమ్మకి ఒకటే బెంగ, మనిషి ఎప్పుడొస్తాడా అని, గడప దగ్గరే కూచుంది.

దీపాలు పెట్టేవేళ వీధిలోంచి గవరయ్య గొంతు వినబడింది. “సన్నేసీ, పిల్లనెత్తుకో, దిబ్బెక్కు!”

సన్యాసమ్మ గడియ మీద చెయ్యి వేసింది, అసిరమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది. “తియ్యకే! మనిషైతే మల్లీ పిలుస్తాడు.” ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు, మళ్లీ పిలవలేదు, ఆ గొంతు పక్కింటి ముందు పక్కింటివాళ్ల పేర్లు పిలిచి, అలా ఒక్కో గుమ్మం దగ్గరా ఒక్కోసారి పిలుచుకుంటూ వీధి చివరికి పోయింది. కాని ఆలోచించండి, ఆవిడ మొగుడు ఏనాడైనా రెండోసారి పిలిచాడా? పిల్లని భుజాన వేసుకుని గడియ తీసేసింది. వీధిలో ఎవరూ లేరు, గొంతు మాత్రం అవతల వినబడుతూనే ఉంది. రమ్మని అత్తని ఎంతో బతిమాలింది. నా కొడుకు మళ్లీ పిలవకపోడు, అప్పుడొస్తాను, నువ్వెళ్లు అంది ఆ ముసల్ది, మంచం దిగలేదు.

సన్యాసమ్మ దిబ్బ ఎక్కేలోపే వెనక గట్టు తెగిన చప్పుడు వినబడింది. తెల్లారి చూస్తే ఒక్క పిలుపుకే బయటికొచ్చినవాళ్లు దిబ్బ మీద ఉన్నారు. రెండో పిలుపు కోసం ఆగినవాళ్ల ఇళ్లలో, కూలకుండా నిలిచినవాటికి లోపల గడియలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. అసిరమ్మ ఇంట్లోనే దొరికింది.

గవరయ్య ఆ బావిలో దొరికాడు. కూడా వెళ్లినవాళ్లు ఏమన్నారంటే, ఇంకా వెలుగుండగానే అలుగు పక్క మట్టి జారి వాణ్ణి తీసుకుపోయిందట, వీళ్లేమో అవతలి ఒడ్డున చిక్కుబడి ఎంత అరిచినా గాలికి ఊళ్లోకి వినబడలేదట. మరి దీపాలవేళ వీధిలో పిలిచిందెవరు? దెయ్యమే. పెద్దవాళ్లు చెప్పింది అక్షరాలా నిజం, అది ఒక్కసారే పిలుస్తుంది. ఎందుకు పిలుస్తుందో మాత్రం వాళ్లూ అడగలేదు, మేమూ అడగలేదు.

తర్వాత ఆ పాత గట్టు మీదే మట్టి పోసి మళ్లీ లేపారు. ఈ ఏడు అలుగు మీద మళ్లీ బస్తాలున్నాయి, ఎవరు పెట్టారని నేనడగను, మీ మొహాలు చూస్తేనే తెలుస్తోంది. ఇందాక చీకటి పడుతుండగా సన్యాసమ్మకి వాకిట్లో ఆ గొంతు వినబడిందట, తిన్నగా వచ్చి దిబ్బ మీద ఈ బడి తలుపులు తెరిచింది. ఊరికే రమ్మంటే మీరొస్తారా? అందుకే కథ చెబుతానని మిమ్మల్ని పోగేశాను.

కాబట్టి ఆ బావి వైపు ఎవరూ వెళ్లకండి. ఈ పూటకి ఇళ్ల వైపు కూడా.