పడవ కాడ మలుపు

రైలు గేటు దగ్గర ఎడ్లబండ్ల బారు చూసి, సమాధానమనే డ్రైవరు, పెళ్లికూతురు కరుణాకుమారి ఎక్కిన బాడుగ కారును సముద్రపు ఒడ్డు అడ్డదోవకి మళ్లించాడు. కాసేపటికి దిక్కు తోచక ఇసకలో ఆపేశాడు.

"ఏందన్నా, ఆగినావు? వాకాడు చర్చిలో పాదిరి అయ్యగారు నాకోసరం కాచుకోనుంటారు!"

"నల్ల పడవ కాడ ఎడం చేతికి తిరగమని నిన్న చెప్పినాడమ్మా జాలరి ముత్యాలయ్య. ఆ పడవే కనపళ్లేదు."

"ఎవురి పడవ?"

"ఆయనదే."

"ఇప్పుడాయన యాడున్నాడు?"

"వేటకి పోయినాడు."

"దేని మీద?"

"ఆ పడవ మీదే..." అని సమాధానం సముద్రం వైపు చూశాడు.

"పడవ పోతే పోయె, ఇసకలో దాన్ని లాగిన జాడన్నా ఉండదా? అదిగో చూడు. తిప్పు!"

"తిప్పతాండా, తిప్పతాండా."

"పెళ్లయినాక తిరిగొచ్చేటప్పుడు అక్కడ పడవుంటే, ఈ దోవ కాదేమోనని మళ్లా ఆగబాకన్నా!"